సీఎస్ఈ తర్వాత దారి... వేసిందెవరు?

బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో ఏడు దాటిన ఏ కుర్రాణ్ణి గానీ, అమ్మాయిని గానీ కదిపి చూడండి, నాలుగే నాలుగు దారులు చెబుతారు. క్యాంపస్‌కి వచ్చిన సర్వీస్ కంపెనీలో చేరిపోవడం ఒకటి. జీఆర్ఈ రాసి ఎమ్మెస్‌కి అమెరికా పోవడం రెండోది. గేట్ రాసి ఎంటెక్‌కో, ప్రభుత్వ రంగ సంస్థకో వెళ్ళడం మూడోది. ఇవేవీ కుదరకపోతే అమీర్‌పేట. ఈమధ్య 'ప్రోడక్ట్ కంపెనీ' అని అయిదోది కూడా చేర్చారనుకోండి, దానికోసం రాత్రింబవళ్ళు కోడింగ్ లెక్కలు రుబ్బాలి. ఇంట్లో పెద్దవాళ్ళు, కాలేజీ సీనియర్లు, యూట్యూబ్‌లో సలహాలిచ్చే అన్నలు అందరూ వీటిలో ఏది మంచిదని వాదించుకుంటారే గానీ, అసలీ దారులు ఎప్పుడు పడ్డాయి, ఎవరు వేశారు అని అడిగేవాళ్ళు కనపడరు. కృష్ణా గోదావరీ ఎప్పట్నుంచో పారుతున్నట్టే ఇవీ ఎప్పట్నుంచో ఉన్నాయనుకుంటాం.

లేవండీ. ఒక్కోదానికీ ఓ పుట్టిన తేదీ ఉంది. చాలావాటి వెనక ఢిల్లీలోనో వాషింగ్టన్‌లోనో ఎవరో పెట్టిన ఒక సంతకం ఉంది. సంతకం పడిన కొన్నేళ్ళకి దారి పడుతుంది. ఇంకొన్నేళ్ళకి అది 'గ్యారంటీ దారి' అని మన ఊళ్ళదాకా పేరొస్తుంది. సరిగ్గా అప్పుడే జనం ఎగబడతారు, అప్పటికి అక్కడ సంతకం పెట్టినవాళ్ళ మనసు మారిపోయి ఉంటుంది. నా ఉద్దేశంలో మన సీఎస్ఈ చరిత్ర అంతా ఇదే కథ మళ్ళీ మళ్ళీ జరగడం.

మొదట్లో అసలు దారి సంగతి దేవుడెరుగు, డిగ్రీయే లేదు. మన దేశానికి మొదటి డిజిటల్ కంప్యూటర్ వచ్చింది 1955లో, కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి. ఐఐటీ కాన్పూర్‌కి ఐబీఎం 1620 వచ్చింది 1963లో. మనవాళ్ళు ఇవాళ గొప్పగా చెప్పుకునే రాజ్ రెడ్డిగారి సంగతే చూడండి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన ఈ దబ్బాల రాజగోపాల్ రెడ్డి 1958లో మద్రాసు గిండీ కాలేజీ నుంచి తీసుకున్నది సివిల్ ఇంజనీరింగ్ పట్టా! ఆ తర్వాత ఆస్ట్రేలియాలో ఎంటెక్, అక్కడే ఐబీఎంలో కొన్నాళ్ళు ఉద్యోగం, ఆపైన స్టాన్‌ఫర్డ్‌లో జాన్ మెకార్తీ దగ్గర 1966లో పీహెచ్‌డీ. 1994లో ట్యూరింగ్ అవార్డు, అదీ ఆసియా మూలాలున్నవాళ్ళలో మొట్టమొదట. ఆయన డిగ్రీ పుచ్చుకునేనాటికి 'కంప్యూటర్ సైన్స్ తర్వాత ఏంటి?' అన్న ప్రశ్నే పుట్టలేదు. సివిల్ చదివినవాడు సాఫ్ట్‌వేర్‌లోకి రావడమేంటని ఇప్పుడు ముక్కు విరిచేవాళ్ళు ఇది గుర్తు పెట్టుకోవాలి :)

హైదరాబాదులో మొదటి దారి వేసింది అణుశక్తి శాఖ. వినడానికి వింతగా ఉంటుంది గానీ నిజం. 1967 ఏప్రిల్‌లో ఈసీఐఎల్ పెట్టారు. దానికి మొదటి మేనేజింగ్ డైరెక్టరు అయ్యగారి సాంబశివరావుగారు, పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు ఆయనది. ట్రాంబేలో అణు పరిశోధనకి కావల్సిన ఎలక్ట్రానిక్ పరికరాలు తయారుచేస్తూ వచ్చిన బృందానికి ఆయన నాయకుడు. పరిశోధనశాలలో చేసినవాటిని ఫ్యాక్టరీలో చెయ్యాలన్న ఆలోచనతో హైదరాబాదు వచ్చారు. 1969లో ఈసీఐఎల్ టీడీసీ-12 అనే కంప్యూటర్ తయారుచేసింది. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. తర్వాత టీడీసీ-312, 316. మన పెద్దవాళ్ళకి ఈసీ టీవీ గుర్తుండే ఉంటుంది, ఎన్నికల్లో మనం నొక్కే ఓటింగ్ మెషీన్లు తయారుచేసే రెండు సంస్థల్లో అదొకటి. ఇవాళ ఏఎస్ రావు నగర్‌లో ఫ్లాట్ కొనుక్కున్న సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లలో, ఆ ఏఎస్ రావు ఎవరో ఎందరికి తెలుసో నాకనుమానమే.

ఆ రోజుల్లో ఈసీఐఎల్‌లో చేరినవాళ్ళు ఈసీఈ వాళ్ళు, ఫిజిక్స్, మ్యాథ్స్ ఎమ్మెస్సీలు. చేసిన పని మాత్రం నిఖార్సయిన కంప్యూటర్ పని. సర్క్యూట్ దగ్గర్నుంచి ఆపరేటింగ్ సిస్టమ్ దాకా చేత్తో కట్టుకోవాలి. జీతం ప్రభుత్వ స్కేలు, క్వార్టర్సు, పెన్షను. ఆ తరానికి 'సెటిల్ అవ్వడం' అంటే అదీ. ఆ దారి ఎందుకు పడిందంటే, దేశం దగ్గర డాలర్లు లేవు, కంప్యూటర్లు మనమే చేసుకుందామన్నారు. ఎందుకు ఇరుకయిందంటే, 1984లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం కొత్త కంప్యూటర్ విధానం తెచ్చి దిగుమతులు సులువు చేసింది. కుపర్టినోలోనో టెక్సస్‌లోనో తయారయ్యే యంత్రాలతో పోటీ పడమంటే ఎలా పడుతుంది? ఈసీఐఎల్ బతికే ఉంది, దాని రక్షణ, అణుశక్తి పనులు దానికున్నాయి. కానీ కంప్యూటర్ చదివిన కుర్రాడి మొదటి కోరిక అన్న స్థానం పోయింది.

ఇక్కడ ఐబీఎం గొడవ కూడా చెప్పుకోవాలి. 60ల్లో, 70ల్లో ఐబీఎం మన దేశంలో ఎక్కువగా వాడించింది 1401 అనే పాత మోడలు. బయట దేశాల్లో కాలం తీరినవాటిని బాగుచేసి, ఇక్కడ అద్దెకిచ్చేది. 1973లో ఫెరా చట్టం వచ్చి విదేశీ వాటా 40 శాతానికి దించుకోమంది. ఐబీఎం ఒప్పుకోలేదు. జనతా ప్రభుత్వం దిగిరాలేదు. 1978లో ఐబీఎం సర్దుకుని వెళ్ళిపోయింది. ఆ యంత్రాలన్నిటి మరమ్మతు బాధ్యత 1975లో పెట్టిన సీఎంసీ అనే ప్రభుత్వ సంస్థ మీద పడింది. ఇక్కడొక మంచి జరిగింది. అదే కంపెనీ యంత్రాలు వాడితే ఆ కంపెనీ మనిషే చూసుకుంటాడు. రకరకాల కంపెనీల యంత్రాలు చూసుకోవాల్సి వస్తే ఏం చేస్తారు? అన్నీ నేర్చుకుంటారు. సీఎంసీలో చేరినవాళ్ళు అలా నేర్చుకున్నారు. 1986లో ఢిల్లీలో మొదలైన రైల్వే కంప్యూటర్ రిజర్వేషను వాళ్ళు చేసిందే. సికింద్రాబాదులో వాళ్ళ పరిశోధన కేంద్రం ఉండేది. అదీ ఒక దారే, ఎంత మంచి దారో! 2001లో సీఎంసీని టాటాలకి అమ్మారు, 2015లో టీసీఎస్‌లో కలిపేశారు. ఇవాళ బయటికొస్తున్న పిల్లలకి ఆ పేరు కూడా తెలియదు.

సరే, అసలు కథకొద్దాం. సర్వీస్ కంపెనీ అనే దారి.

టీసీఎస్ 1968లో మొదలైంది. మరుసటి ఏడాది ఎఫ్.సి. కోహ్లీ అక్కడికొచ్చాడు. ఆయన విద్యుత్ కంపెనీ మనిషి, ఎంఐటీలో చదివినవాడు. కంప్యూటర్ కొనాలంటే డాలర్లు కావాలి, డాలర్లు ప్రభుత్వం ఇవ్వదు. ఇవ్వాలంటే సాఫ్ట్‌వేర్ ఎగుమతి చేసి ఆ డాలర్లు తిరిగి సంపాదించి పెడతామని రాసివ్వాలి. 1974లో బరోస్ కంపెనీతో టీసీఎస్ చేసుకున్న ఏర్పాటు అలాంటిదే. యంత్రం తెచ్చుకున్నారు, దానికి బదులుగా అమెరికా పని చెయ్యడం మొదలెట్టారు. అంటే, మన సాఫ్ట్‌వేర్ ఎగుమతులు పుట్టింది మనవాళ్ళ లెక్కల తెలివివల్ల అని ఉపన్యాసాల్లో చెబుతుంటారు గానీ, పుట్టింది విదేశీ మారకం కరువువల్ల. తెలివి తర్వాత పనికొచ్చింది.

ఇంకో సంగతి. ఇక్కడికి యంత్రం తేవడం ఖరీదు, దానిమీద దిగుమతి సుంకం మోత. మనిషిని అక్కడికి పంపడం చవక. అందుకే 80ల చివరిదాకా మన ఎగుమతుల్లో సింహభాగం 'ఆన్‌సైట్', అంటే మనుషుల్ని పంపడమే. 1985లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బెంగుళూరులో ఉపగ్రహ లింకుతో ఆఫీసు పెట్టాక గానీ ఇక్కడ కూర్చుని అక్కడి పని చెయ్యొచ్చన్నది రుజువు కాలేదు. 1991లో సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కులు వచ్చాక ఆ సౌకర్యం చిన్న కంపెనీలకీ అందింది. మనలో చాలామంది 'ఆన్‌సైట్ ఎప్పుడు?' అని మేనేజర్ని పీక్కు తింటూ ఉంటాం కదా, ఆ మాట వెనక ఇంత కస్టమ్స్ చరిత్ర ఉంది.

ఇక మన రాష్ట్రం. 80ల్లో మన దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలు వేళ్ళమీద లెక్కపెట్టేన్ని. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం డొనేషన్లు నిషేధిస్తూ చట్టం చేసింది, 1986లో ఎంసెట్ వచ్చింది. సీటు రానివాళ్ళు, డబ్బున్నవాళ్ళు కర్ణాటక బాట పట్టారు. కృష్ణా, గుంటూరు జిల్లాల వడ్ల డబ్బు, పొగాకు డబ్బు, పత్తి డబ్బు కొంత అలా తుంగభద్ర దాటి పోయింది. 1990ల రెండో సగంలో గేట్లు ఎత్తేశారు. ఊరికో ప్రైవేటు కాలేజీ, పొలాల మధ్య నాలుగంతస్తుల భవనం, దానిమీద ఎవరో స్వామివారి పేరు. 2000ల చివర్లో ఫీజు రీయింబర్స్‌మెంటు తోడయ్యాక ఉమ్మడి రాష్ట్రంలో కాలేజీలు ఏడు వందలదాకా పోయాయి. ఈ కాలేజీల్ని వెక్కిరించడం ఒక ఫ్యాషనైపోయింది, నేను ఆ పని చెయ్యను. వాళ్ళ వంశంలో మొట్టమొదట కాలేజీ గడప తొక్కిన పిల్లలు లక్షల్లో వాటిల్లోంచే వచ్చారు. కానీ పాఠం చెప్పేవాళ్ళు అంత వేగంగా తయారవరు కదా. నిన్న పాసైనవాడు ఇవాళ లెక్చరర్. కాలేజీకీ ఉద్యోగానికీ మధ్య ఒక గుంట పడింది.

ఆ గుంట పూడ్చడానికి పుట్టిందే అమీర్‌పేట. మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టుపక్కల ఆ బోర్డులు, కరపత్రాలు, పొద్దున్నే ఏడింటి బ్యాచ్‌కి మెట్లమీద నిలబడ్డ జనం... చూసినవాళ్ళకి వర్ణించక్కర్లేదు, చూడనివాళ్ళకి వర్ణించినా అర్థం కాదు. నాకు అమీర్‌పేట అంటే గౌరవం. దేశంలో ఏ విశ్వవిద్యాలయమూ సిలబస్ అంత వేగంగా మార్చలేదు. కోబాల్, మెయిన్‌ఫ్రేమ్స్ అడిగితే అవి, ఒరాకిల్, డి2కె అడిగితే అవి, జావా, డాట్‌నెట్, శాప్, ఇన్‌ఫర్మాటికా, సేల్స్‌ఫోర్స్, డెవాప్స్... అమెరికాలో ఎక్కడో ఒక క్లయింటుకి ఏది కావాలో మైత్రీవనం గోడ చూస్తే తెలిసేది. ఆర్థికవేత్తలు ఆ గోడల ఫోటోలు ఏడాదికొకటి తీసి దాచుకుని ఉంటే మంచి చరిత్ర పుస్తకం అయ్యేది.

ఆ క్లయింటుని మన మెట్లదాకా తెచ్చింది ఒక అమెరికన్ చట్టం. 1990 ఇమ్మిగ్రేషన్ చట్టంలో హెచ్-1బి వీసా ఇప్పుడున్న రూపంలో వచ్చింది, ఏడాదికి 65,000 అని పరిమితి పెట్టారు. కొన్నేళ్ళు ఆ పరిమితి నిండనే లేదు. 1997లో మొదటిసారి నిండింది. అప్పటికి వైటుకే భయం పట్టుకుంది, పాత కోబాల్ కోడ్‌లో రెండంకెల సంవత్సరాల్ని నాలుగంకెలు చేసేవాళ్ళు వేలల్లో కావాలి. దాన్ని 1999, 2000 ఆర్థిక సంవత్సరాలకి 1,15,000 చేశారు. 2001 నుంచి 2003 దాకా 1,95,000. మనవాళ్ళు కొబ్బరికాయలు కొట్టిన కాలం. 1998 నవంబరులో సైబర్ టవర్స్ తెరిచారు, అదే ఏడు ట్రిపుల్ ఐటీ హైదరాబాదు వచ్చింది, మైక్రోసాఫ్ట్ హైదరాబాదు కేంద్రం వచ్చింది. తెలుగు ఇళ్ళలో 'కంప్యూటర్స్' అన్న మాటకి ఇంకేదీ సాటిరాని రోజులవి.

అయితే 2000 మార్చిలో నాస్‌డాక్ శిఖరానికెక్కి అక్కణ్ణించి దొర్లడం మొదలెట్టింది. మా పెద్దనాన్నగారబ్బాయి సరిగ్గా ఆ సమయంలో అక్కడ దిగాడు. గుంటూరు జిల్లాలో ఉన్న ఎకరంన్నరలో ఎకరం అమ్మి పంపారు. వీసా పెట్టిన కన్సల్టెన్సీవాడు న్యూజెర్సీలో ఓ అపార్టుమెంటులో ఎనిమిది మందిని కుక్కి 'బెంచ్' అన్నాడు. బెంచ్ అంటే జీతం లేకుండా ప్రాజెక్టుకోసం కూర్చోవడం. చట్టప్రకారం బెంచ్ మీద ఉన్నవాడికీ జీతమివ్వాలి. ఇవ్వలేదు. ఇప్పుడైతే ఉద్యోగం పోతే వేరేది చూసుకోవడానికి అరవై రోజులిస్తారు, అది వచ్చింది 2017లో. అప్పట్లో అదీ లేదు. అన్నయ్య ఏడు నెలలకి తిరిగొచ్చాడు. తర్వాత నిలదొక్కుకున్నాడు, బాగున్నాడు. ఎకరం మాత్రం తిరిగి రాలేదు.

ఇది ఒక్క మా ఇంటి కథ కాదని నాకు ఒక చైనా ఆయన పుస్తకం చదివాక తెలిసింది. షియాంగ్ బియావో అనే మానవశాస్త్రవేత్త 2000-2001లో హైదరాబాదులోనూ, సిడ్నీలోనూ మన తెలుగు ఐటీ కుర్రాళ్ళ మధ్య తిరిగి 'గ్లోబల్ బాడీ షాపింగ్' అని 2007లో పుస్తకం వేశాడు. మనం గమనించనిది ఆయన గమనించాడు. కుర్రాణ్ణి చదివించడానికి, శిక్షణకి, వీసా ఏజెంటుకి, బెంచ్ మీద తిండికి డబ్బెక్కణ్ణించి వచ్చింది? పొలం నుంచి. పొలం చాలకపోతే కట్నం నుంచి. సాఫ్ట్‌వేర్ పెళ్ళికొడుకు రేటు పెరిగిందంటే, అమెరికా కంపెనీకి కావల్సినప్పుడు దొరికి, అక్కర్లేనప్పుడు మాయమయ్యే ఇంజనీరుని తయారుచేసే ఖర్చులో కొంత ఓ ఆడపిల్ల తండ్రి భరించాడన్నమాట. మన ఐటీ విజయగాథల్లో ఈ పద్దు ఎవరూ రాయరు. బిల్లింగ్ రేటులోనూ కనపడదు.

2003 అక్టోబరుకి వీసాలు మళ్ళీ 65,000కి దిగాయి. అప్పుడో తమాషా జరిగింది. గౌరవ్ ఖన్నా, నికొలాస్ మొరాలెస్ అని ఇద్దరు ఆర్థికవేత్తలు దీన్ని లెక్కగట్టారు. అమెరికా ఆశ చూసి ఇక్కడ పిల్లలు కంప్యూటర్ సైన్స్‌లో చేరారు. వీసా అందరికీ దొరకలేదు. దొరకనివాళ్ళు, వెళ్ళి తిరిగొచ్చినవాళ్ళు ఇక్కడే మిగిలారు. వాళ్ళతోనే ఇక్కడి ఐటీ పెరిగి, 2000ల మధ్యకల్లా ఐటీ ఎగుమతుల్లో భారతదేశం అమెరికానే దాటేసింది. అంటే మాదాపూరు మేడల్లో ఎన్ని అంతస్తులు వీసా రానివాళ్ళు కట్టినవో!

ఆ తర్వాతి కథ మీకు తెలిసిందే కాబట్టి గబగబా చెప్పేస్తాను. అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్ళకి విడిగా 20,000 వీసాలు అని 2004లో చట్టం చేశారు. 2008లో స్టెమ్ చదువులవాళ్ళు చదువయ్యాక చేసుకునే ఓపీటీకి 17 నెలలు అదనంగా ఇచ్చారు, 2016లో దాన్ని 24 నెలలు చేశారు. మన ఇళ్ళలో 'ఎమ్మెస్' అన్నది రెండో ఎక్కంలాగా అందరి నోటా పలకడానికి కారణం చదువుమీద ప్రేమ కాదు, ఈ మూడు తేదీలు. 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు లేఖ బయటికొచ్చింది, లెక్కల్లో ఏడు వేల కోట్లకి పైగా తేడా. అప్పటికే లీమన్ బ్రదర్స్ కూలి మాంద్యం నడుస్తోంది. ఆఫర్ లెటర్ చేతిలో పట్టుకుని జాయినింగ్ తేదీ కోసం నెలలకి నెలలు కూర్చున్న బ్యాచ్‌లవి.

ఇక్కడే నాకు ఒళ్ళు మండే విషయం ఒకటుంది. ఉద్యోగ ప్రకటనల్లో 'ఇయర్ ఆఫ్ పాసింగ్' అని ఒక గడి ఉంటుంది చూశారా? 'ఫలానా ఏడు, ఫలానా ఏడు మాత్రమే' అని. 2001లోనో 2009లోనో పాసైనవాడు రెండేళ్ళు తిప్పలు పడి, పరిస్థితి బాగుపడ్డాక 2004లోనో 2011లోనో వెళితే, 'నీ ఏడు అయిపోయింది, ఫ్రెషర్‌వి కావు, అనుభవమూ లేదు' అన్నారు. మాంద్యంలో పట్టా పుచ్చుకోవడం వీడు చేసిన నేరమా? కెనడాలో ఒరియోపొలస్, వాన్ వాక్టర్, హైజ్ అని ముగ్గురు పరిశోధకులు దీనిమీద 2012లో ఒక పత్రం వేశారు. మాంద్యంలో డిగ్రీ తీసుకున్నవాళ్ళ సంపాదన మొదట్లో తొమ్మిది శాతం దాకా తక్కువుంటుందట, అయిదేళ్ళకి ఆ తేడా సగమవుతుందట, పూర్తిగా పోవడానికి పదేళ్ళు పడుతుందట. పెద్ద చదువులవాళ్ళు కంపెనీలు మారి తొందరగా తేరుకుంటారు, కిందివాళ్ళు దిగిన చోటే ఇరుక్కుంటారు. అది కెనడా. పాసైన ఏడు చూసి గేటు దగ్గరే ఆపేసే మన దగ్గర ఇంకెంత ఉంటుందో మీరే ఊహించుకోండి. కెరీర్ సలహాలు ఇచ్చే పెద్దలు 'కష్టపడితే పైకొస్తావు' అంటారు, ఏ సంవత్సరంలో కష్టపడాలో కూడా చెబితే బాగుండు.

జీతాల సంగతీ చెప్పాలి. సర్వీస్ కంపెనీల్లో 2010 ప్రాంతంలో ఫ్రెషర్‌కి ఏడాదికి మూడు లక్షల చిల్లర. నేను పాసైన 2019లోనూ మూడు లక్షల చిల్లరే. మధ్యలో కొండాపూర్ హాస్టల్ అద్దె, పెసరట్టు ధర ఎక్కడికి పోయాయో చెప్పక్కర్లేదు. మరి జనం ఎందుకు చేరుతూనే ఉన్నారు? ఆ ముప్ఫై ఏళ్ళ పేరు. మా అమ్మానాన్నల తరంలో ఆ కంపెనీలో ఉద్యోగమంటే బ్యాంకు ఉద్యోగమంత భద్రం. 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో రెండు శాతాన్ని, సుమారు పన్నెండు వేలమందిని, తగ్గిస్తున్నానని చెప్పినప్పుడు మా అపార్టుమెంటులో పెద్దవాళ్ళు నమ్మలేదు. ఆ ఏడే సెప్టెంబరులో అమెరికా బయట ఉన్నవాళ్ళకి పెట్టే కొత్త హెచ్-1బి దరఖాస్తు మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. 1990లో పడ్డ సంతకం మీద ఇంకో సంతకం.

నన్ను జూనియర్లు అడుగుతూ ఉంటారు, 'అన్నా, ఏది తీసుకోమంటావు?' అని. నేను తిరిగి మూడు ప్రశ్నలు వేస్తాను. నువ్వనుకుంటున్న దారి ఏ ఏడు పడింది? దాన్ని తెరిచి ఉంచుతున్నది ఎవరు, వాళ్ళకి అందులో లాభం ఇంకా ఉందా? అది మూసుకుపోతే ఎకరం ఎవరిది పోతుంది? జవాబులు వాళ్ళ దగ్గర ఉండవు, చాలాసార్లు నా దగ్గరా ఉండవు. కానీ ఈసీఐఎల్‌లోనూ, సీఎంసీలోనూ పనిచేసి బయటపడ్డ పెద్దవాళ్ళు కొందరితో మాట్లాడాను. వాళ్ళ దారి మూసుకుపోయినా వాళ్ళు మునిగిపోలేదు. సర్క్యూట్ దగ్గర్నుంచి నేర్చుకున్నవాళ్ళు కాబట్టి ఏ యంత్రమొచ్చినా మూత తీసి చూడగలిగారు. ఒకే స్క్రీన్‌లో ఒకే బటన్‌కి పదేళ్ళు సపోర్ట్ ఇచ్చినవాడికి ఆ వెసులుబాటు లేదు. అది వాడి తప్పు కాదు, వాడికి దొరికిన దారి అలాంటిది.

ఇప్పుడు కౌన్సెలింగ్ చూడండి. 2020-21 విద్యాసంవత్సరంలో తెలంగాణ కాలేజీల్లో సీఎస్ఈ పక్కన బ్రాకెట్లో 'ఏఐ అండ్ ఎంఎల్', 'డేటా సైన్స్', 'సైబర్ సెక్యూరిటీ' అని కొత్త కోర్సులు వచ్చాయి. సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించుకుని మరీ కొన్ని కాలేజీలు వీటిని పెంచుకున్నాయి. చాట్‌జీపీటీ వచ్చింది 2022 నవంబరులో, అంటే ఆ మొదటి బ్యాచ్ మూడో ఏడులో ఉండగా. వాళ్ళు పట్టా పుచ్చుకున్నది 2024లో. అప్పటికి కంపెనీలు క్యాంపస్‌లకి రావడం బాగా తగ్గించేశాయి. వాళ్ళలో ఇద్దరు ఇప్పుడు మా వీధి చివర పీజీలో ఉంటున్నారు. పొద్దున్నే ఏడింటి బ్యాచ్‌కి అమీర్‌పేట మెట్రో ఎక్కుతారు. ఏం కోర్సని అడిగితే జావా ఫుల్ స్టాక్ అన్నారు.